సగం కేక వెయ్యని బారికి

పనసగుడలో సుక్రు గొంతు వినపడని రోజు లేదు. ముప్పై రెండు ఇళ్ళ ఊరది. అరకులోయలో జీపెక్కి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి, కాఫీ తోటల మధ్య గంటసేపు కొండెక్కితే వస్తుంది. ఆ ఊరికి సుక్రు బారికి. బారికి అంటే ఊరి కబుర్లు చాటే మనిషి. పండగ ఏ రోజు, పెళ్ళి ఎవరింట, సూదిమందు వేసే నర్సమ్మ ఎప్పుడొస్తుంది, ఎవరి మేక ఎవరి చోడిచేలో పడింది, దానికి పెద్దలేమన్నారు, ఇవన్నీ అతని నోటి మీదుగానే వీధిలోకి రావాలి. చేతిలో వెదురు కర్ర, ఒంటి మీద ఏ కాలంలోనో ఫారెస్టు గార్డు ఇచ్చిన ఖాకీ కోటు. ఆ కోటుకి గుండీలు పోయి పదేళ్ళయింది, రంగు అంతకు ముందే పోయింది. అయినా అది తొడుక్కోకుండా సుక్రు కేక వెయ్యడు.

మనిషి చూడబోతే పిడికెడు. అరవై దాటాయి. గొంతు మాత్రం ఎదురు కొండకి తగిలి వెనక్కొస్తుంది. అయితే ఆ ఊళ్ళో అందరూ నోరెళ్ళబెట్టేది గొంతుకి కాదు. సుక్రు బడి ముఖం చూడలేదు, సంతకం రాదు. కాని ఒకసారి తన నోట పడిన కేకని ఒక్క ముక్క పోగొట్టడు. పాతికేళ్ళ కిందటి సంగతి అడగండి. ఆ రోజు సదరు మీద ఎవరు ఏ రాతి మీద కూర్చున్నారు, వాన ఉందా లేదా, ఎవరు దగ్గారు, ఎవరు పొగాకు అడిగారు, అక్కణ్ణించి ఎత్తుకుని చివరిదాకా అప్పగిస్తాడు. సదరు అంటే ఊరి నడుమ పెద్దలు కూర్చునే రాళ్ళ గద్దె. ఆ రాళ్ళ మీద అనుకున్న మాటని బారికి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి మూడుసార్లు చాటితే ఇక అది ఊరిమాట. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు.

చిక్కల్లా ఒకటే. సుక్రు మధ్యలోంచి మొదలుపెట్టడు, మధ్యలో ఆపడు. ఒకసారి మంగ్లు అనే కుర్రాడు తొందరలో ఉండి, "సుక్రు మావా, రేపు భోజనం ఎవరింట్లో, అదొక్కటి సెప్పు సాలు" అన్నాడు. సుక్రు కోటు తొడుక్కుని, పెళ్ళికూతురి తాత పేరు దగ్గర నుంచి అందుకున్నాడు. భోజనం సంగతి వచ్చేసరికి మంగ్లు ఎక్కాల్సిన జీపు లోయలోకి దిగిపోయింది. ఊరంతా పడీ పడీ నవ్వింది. సుక్రు నవ్వలేదు. "సగం కేక కేక కాదురా. సగం సెప్తే సగం అబద్దం సెప్పినట్టే" అన్నాడు.

ఈ పట్టుదల వెనక ఒక పాత గాయం ఉంది. సుక్రు తాత కూడా బారికే. ఒక ఏడాది ఆయన వేసిన కేక ఒకటి తప్పని తేలింది. తప్పు కేక వేసిన బారికి కర్రని సదరు మీద దించెయ్యాలి. మూడు సంతలు తిరిగేలోగా ఆ కర్రని ఎవరైనా ఎత్తుకుంటే బారికిపని వాళ్ళది. ఎవరూ ఎత్తకపోతే ఊరు క్షమించినట్టు, కర్ర మళ్ళీ పాత మనిషిదే. తాత కర్రని మర్నాడు పొద్దున్నే పక్కింటాయన ఎత్తుకున్నాడు. ఆ తరవాత తాత బతికిన పదకొండేళ్ళూ ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడలేదట. పక్కింటాయనకి కొడుకులు లేక, ఆయన దగ్గర కేక నేర్చుకుని సుక్రు తండ్రి ఆ కర్రని ఇంటికి తెచ్చుకున్నాడు. సుక్రుకి ఆస్తి అంటూ ఉంటే ఆ కర్రే.

ఇప్పుడు చెప్పబోయేదంతా దగ్గరుండి చూసిన మనిషి సోని. పైన జీపు పోగొట్టుకున్న మంగ్లు భార్య. నాలుగేళ్ళ కిందట రాజవొమ్మంగి వైపు నుంచి కోడలిగా వచ్చింది. ఇంటర్ చదివింది. మంగ్లుకి సుక్రు మేనమామ, కనుక ఆమెకీ మావే. ఆమె వచ్చేసరికే ఊళ్ళో ఒక వింత జరిగి ఏడాదయింది. ఫోను సిగ్నలు కూడా సరిగా అందని ఊరు, సదరులో పెద్దరాయి ఎక్కి చెయ్యి పైకెత్తితే తప్ప హలో వినపడని ఊరు, ముప్పై రెండు ఇళ్ళలోనూ గోడకి తెల్లటి పెట్టె, దాని మీద పచ్చటి దీపం. నెట్టు. అదీ ఊరికే.

అదెలా వచ్చిందో మంగ్లు ఆమెకి చెప్పాడు. మేఘమాల అనే కంపెనీ అవతలి కొండ పంచాయతీలకి కేబులు తీగ లాగాలనుకుంది. ఘాట్ రోడ్డు వెంట తిప్పితే బోలెడు దూరం. పనసగుడ తోటల్లోంచి పోతే దగ్గర దారి. కంపెనీ తరఫున టైటస్ అనే ఇంజినీరు వచ్చి సదరులో కూర్చున్నాడు. తోటల్లో స్తంభాలు పాతుకోనిస్తే, తీగ ఊరి మీదుగా ఉన్నంత కాలం ఇంటింటికీ నెట్టు ఊరికే ఇస్తామన్నాడు. ఊరు ఒప్పుకుంది. సుక్రు మూడుసార్లు కేక వేశాడు. ఆ తరవాత టైటస్ సంచిలోంచి కాగితాలు తీసి వేలిముద్రలు వెయ్యమంటే అందరూ వేసేశారు. కాగితంలో ఏముందో ఒక్కరూ అడగలేదు. కేక పడిపోయాక కాగితం చదవడమేమిటి? అన్నం తినేశాక బియ్యం ఏరినట్టుంటుంది.

సోని ఆ నెట్టు మీద బతుకు కట్టుకుంది. అరుగు మీద కూర్చుని ఊరివాళ్ళకి పింఛను దరఖాస్తులు నింపేది. సంతకి దిగక ముందే మిరియం ధర, కాఫీ ధర చూసి చెప్పేది. జ్వరం వచ్చిన పిల్లల్ని ఫోనులో డాక్టరుకి చూపించేది. బడిలో పంతులు రాని రోజు పిల్లలు తెర మీద పాఠం వినేవారు. మొట్టమొదట సముద్రాన్ని తెర మీద చూసినప్పుడు సుక్రు వంగి తెర వెనక కూడా చూశాడు. "ఇన్ని నీళ్ళు కింద పెట్టుకుని ఈ విశాఖపట్నం వోళ్ళు నీళ్ళ టేంకరు కోసం కొట్టుకుంతారేటే?" అన్నాడు చివరికి.

రెండేళ్ళ కిందట ఆగస్టులో, సోనికి నెలలు నిండాయి. ఐదు రోజులుగా ఒకటే ముసురు. పొద్దున్నే నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని తెలిసింది. అంబులెన్సు కింద రోడ్డు దాకానే వస్తుంది. మంగ్లు, ఇంకో ముగ్గురు ఆమెని డోలీలో వేసుకుని పరుగు తీశారు. ముందు దారి చూపిస్తూ సుక్రు, చేతిలో గొడ్డలి. రెండు బండల మధ్య ఇరుకు సందు దగ్గర పెద్ద సిల్వర్ ఓక్ చెట్టు కూలి, కేబులు తీగ మీద వాలి, దారికి అడ్డంగా వేలాడుతోంది. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. కింద నుంచి దూరడానికి లేదు, పైనుంచి ఎక్కడానికి లేదు. చెట్టు నరకాలంటే గంట పడుతుంది. తీగ తెగితే మాత్రం చెట్టు దానంతటది లోయలోకి జారిపోతుంది.

సోని కళ్ళు మూసుకుని ఉంది. ఆమెకి వినిపించింది ఒకే ఒక్క దెబ్బ. తరవాత కొండంతా కదిలినట్టు చెట్టు దొర్లిన చప్పుడు. "నడండి, బేగి" అన్నాడు సుక్రు. ఆ రోజు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. పిల్లకి జీవిత అని పేరు పెట్టారు.

వారం తరవాత కంపెనీ మనుషులొచ్చి, లోయలో పడున్న చెట్టుని చూసి, చెట్టు పడి తీగ తెగింది అని రాసుకుని, అతుకు వేసి వెళ్ళిపోయారు. వాళ్ళు ఎవర్నీ అడగలేదు. ఎవరూ చెప్పలేదు. సుక్రు కూడా కేక వెయ్యలేదు. ఎందుకంటే టైటస్ మాటలో ఒక షరతుంది, అది మంగ్లు ఒకసారి సోని చెవిలో వేశాడు. పనసగుడ మనిషి ఎవడైనా తీగ నరికితే, ఆ రోజుతో ఊరికే ఇచ్చే నెట్టు ఆగిపోతుంది.

ఈ వేసవిలో మేఘమాల కంపెనీని ఇంకో పెద్దమనిషెవరో కొనుక్కున్నాడు. ఒక బుధవారం పొద్దున ముప్పై రెండు ఇళ్ళలోనూ పచ్చదీపం ఎర్రగా మారింది. 'మీ ఉచిత ఆఫర్ ముగిసింది' అని ఇంగ్లీషులో కబురొచ్చింది. సోని లోయలోకి దిగి, కంపెనీకి ఫోను చేస్తే, ఆఫరు ఏడాదికే అనీ, కాగితంలో అలాగే ఉందనీ, పైన నాలుగేళ్ళు ఇచ్చింది పొరపాటనీ అన్నారు. టైటస్ ఉద్యోగం మానేశాడు, నంబరు పనిచెయ్యడం లేదు. ఊరివాళ్ళకి కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. కేక పడిన మాటని వెనక్కి తీసుకోవడం ఉంటుందని వాళ్ళకి తెలియదు. కొందరు మాత్రం సుక్రు వైపు ఓరగా చూడడం మొదలుపెట్టారు. కేక తప్పయిందంటే కర్ర దించాలి కదా. సుక్రు తిండి తగ్గించేశాడు.

సోని ఊరుకోలేదు. ఊరి తరఫున ఫిర్యాదు రాసింది. అరకులోయలో లోక్ అదాలత్ శిబిరం పెడుతున్నారనీ, ఇలాంటి తగాదాలు అక్కడ రాజీ చేస్తారనీ తెలుసుకుని పేరు నమోదు చేయించింది. సాక్షి ఎవరు అనే చోట సుక్రు పేరు రాసింది. రాశాక గాని ఆమెకి ముసుర్లో నరికిన తీగ సంగతి గుర్తుకు రాలేదు.

ముందురోజు సాయంత్రం సుక్రు ఇంటికెళ్ళింది. అతను గుమ్మంలో కూర్చుని కోటుకి పడిన చిరుగు కుట్టుకుంటున్నాడు.

"మావా, రేపు జడ్జిగారి ముందు తీగున్నంత కాలం ఊరికే ఇత్తామన్న ముక్క సెప్పి ఆగిపో. అంతే సాలు."

"తరవాతది?"

"తరవాతది వోళ్ళు అడగరు మావా."

"అడగడం అడక్కపోవడం ఏటి కోడలా? కేక ఉన్నకాడికి ఉంతాది."

"మరి నరికింది నువ్వే అని తేలితే? నీ కర్ర పోద్ది, ఊరి నెట్టు పోద్ది."

సుక్రు సూది ఆపి ఆమె ఒళ్ళో ఉన్న జీవితని చూశాడు. పిల్ల అతని కోటు గుండీ లేని బెజ్జంలో వేలు పెట్టి ఆడుకుంటోంది. మళ్ళీ సూది అందుకున్నాడు. సోనికి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తన ప్రాణం కోసం, తన పిల్ల ప్రాణం కోసం కొట్టిన దెబ్బ అది. దానికి కర్ర పోగొట్టుకునేది మాత్రం ఆయన. ఎంత ఆలోచించినా ఆమెకి దారి తోచలేదు.

మండలాఫీసు హాల్లో శిబిరం. జడ్జి నిర్మలగారు బల్ల వెనక, ఒక పక్క కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి వచ్చిన మేనేజరు దేవీప్రసాద్, ఇంకో పక్క పనసగుడ జనం. కుర్చీలు చాలక సగం మంది నేల మీద కూర్చున్నారు. దేవీప్రసాద్ మర్యాదస్థుడే. గట్టిగా మాట్లాడలేదు. వేలిముద్రలున్న కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఇందులో ఏడాది అని స్పష్టంగా ఉంది. నోటిమాటలు మేమెలా ఒప్పుకుంటాం? కంపెనీకి రికార్డే ప్రమాణం. రికార్డులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

జడ్జిగారు పనసగుడ వైపు తిరిగారు. "మీ దగ్గర ఏమైనా రాసిన ఆధారం ఉందా?"

సుక్రు లేచాడు. కోటు సర్దుకున్నాడు. "రాసింది లేదమ్మా. కేకుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "చెప్పండి" అన్నారు.

సుక్రు కర్రని నేలకి ఒకసారి తాటించి మొదలుపెట్టాడు. అంతదాకా వినపడిన గొంతు అతనిది. ఆ తరవాత వినపడింది అతనిది కాదు.

"శుక్రవారం సంత అయిన రెండోనాడు. పొద్దు నడినెత్తికి రాలేదు. వాన లేదు. పెద్దరాయి మీద సోమన్న, సిన్నరాయి మీద భీముడు. టైటస్ బాబు సెప్పులిప్పి కూకున్నాడు, గొంతు సవరించుకున్నాడు." సుక్రు గొంతు సవరించుకున్నాడు, కొండవాడిలా కాదు, కింది ఊళ్ళ చదువుకున్నవాడిలా. "'అమ్మా, అయ్యా, నా పేరు టైటస్. మేఘమాల కంపెనీ. మా తీగ మీ ఊరి మీదుగా పోవాలి. చుట్టూ తిప్పితే పదకొండు కిలోమీటర్లు, మీ తోటల్లోంచి అయితే మూడు. అర్థమైందా అమ్మా, అర్థమైందా అయ్యా?'"

దేవీప్రసాద్ తల ఎత్తాడు. అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నాడు. ఆరేళ్ళు పక్క బల్ల దగ్గర కూర్చుని విన్న గొంతు అది. ప్రతి మాటకీ చివర ఆ 'అర్థమైందా' తగిలించడం, 'కిలోమీటర్లు' అనేటప్పుడు కొంచెం సాగదియ్యడం. అతని చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

సోని సుక్రు కేకలు చాలా వింది. ఈ కేక మాత్రం ఎప్పుడూ వినలేదు. ఐదేళ్ళ కిందట, తను ఇంకా ఈ ఊరి మొహం చూడని రోజు, ఆ హాల్లో మళ్ళీ జరుగుతోంది. సోమన్న ముసలాయన చనిపోయి రెండేళ్ళయింది. సుక్రు నోట్లోంచి సోమన్న అడిగిన ప్రశ్న సోమన్న గొంతుతోనే వచ్చేసరికి, నేల మీద కూర్చున్న ఆయన భార్య పైడితల్లి చేతులు జోడించింది. ఈ మనిషి తలలో ఊరు ఊరంతా ఉంది, పోయినవాళ్ళతో సహా.

"'మా తీగ మీ ఊరి మీదుగా పోయినంత కాలం, మీ ముప్పై రెండు ఇళ్ళకీ నెట్టు ఊరికే ఇస్తాం. ఒక్క రూపాయి అడగం.' ఇంతలోకి ఫోను మోగింది. టైటస్ బాబు పెద్దరాయి ఎక్కి నిలబడ్డాడు, సిగ్నలు కోసం. ఫోనులో ఇలాగన్నాడు. 'ఆ, దేవీ, కొండ మీదున్నాను రా. ఒప్పుకునేలా ఉన్నారు. నువ్వు చెప్పినట్టే తీగ ఉన్నంత కాలం అని ఇచ్చేశాను. ఏంటీ, కొత్త కాగితం తయారవలేదా? సరే, పాత దాని మీదే వేలిముద్రలు తీసుకుంటాను, తరవాత నువ్వే మార్చు. మాట మాటే కదా. పాపకి జ్వరం తగ్గిందా? తడిగుడ్డ వెయ్యమను. ఉంటాను దేవీ.'"

పనసగుడ జనం మేనేజరు వైపు తిరిగారు.

దేవీప్రసాద్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. జడ్జిగారు అతన్ని కాసేపు చూశారు.

"ఆ దేవీ ఎవరు?"

"నేనే మేడం" అన్నాడతను. "మా పాపకి ఆ వారమంతా జ్వరం. నేనే... నేనే ఫోను చేశాను. కాగితం మారుస్తానన్నాను. మరిచిపోయాను."

పనసగుడ జనంలో గుసగుసలు లేచాయి. మంగ్లు సోని భుజం పట్టుకుని ఊపేశాడు. జడ్జిగారు పెన్ను తీసుకున్నారు. "చాలు పెద్దాయనా, ఇక కూర్చోండి. నాకు కావలసింది దొరికింది."

గెలిచేశారు. కూర్చుంటే అయిపోయేది. సోని రెండు చేతులూ జోడించి సుక్రు వైపే చూసింది, కూర్చో మావా, నీకు పుణ్యముంటాది, కూర్చో.

"సాలదమ్మా" అన్నాడు సుక్రు. "కేక ఇంకా ఉంది."

కర్ర మళ్ళీ తాటించాడు. "'కాని ఒక మాట. మీ ఊరివాడు ఎవడైనా మా తీగ నరికితే, ఆ రోజుతో ఊరికే ఇచ్చేది సరి. అర్థమైందా అమ్మా, అర్థమైందా అయ్యా?' సోమన్న సరే అన్నాడు. భీముడు సరే అన్నాడు. ఊరు సరే అంది. ఇదీ కేక." అక్కడితో టైటస్ గొంతు పోయింది. మిగిలింది సుక్రు సొంత గొంతు, సన్నగా. "ఆ తీగ నాను నరికినాను తల్లీ. రెండేళ్ళ కిందట, ముసుర్లో. నా గొడ్డలితోనే."

"ఈ ముసలోడు కొంప ముంచేసినాడ్రా" అని వెనక ఎవరో పళ్ళు కొరికారు. జడ్జిగారు పెన్ను కింద పెట్టేశారు.

"ఎందుకు నరికారు?"

"ఎందుకన్నది మాటలో లేదమ్మా. నరికితే సరి అన్నారు. నరికినాను."

అంతే. సోని కాళ్ళు ఆమెని అడక్కుండానే లేచాయి. జీవితని చంకనేసుకుని బల్ల దగ్గరకు నడిచింది. ఏం మాట్లాడాలో ముందు అనుకోలేదు. పిల్లని బల్ల మీద, వేలిముద్రల కాగితాల కట్ట పక్కన, నిలబెట్టింది.

"ఎందుకన్నది నాను సెప్తాను మేడం. ఇదిగో. ఇది నా కడుపులో అడ్డం తిరిగింది. నాను డోలీలో ఉన్నాను. సెట్టు తీగ మీద పడి దారి మూసేసింది. మావ ఒక్క దెబ్బ కొట్టినాడు, దారి వచ్చింది. ఇంకో అరగంటయితే నానూ లేను, ఇదీ లేదు. తీగ మావ నరికినాడు గాని, నరికించింది మేమిద్దరం."

జీవిత బల్ల మీద నిలబడి, అందర్నీ చూసి, పెన్ను మూత తీసుకుంది. జడ్జిగారు వద్దనలేదు.

దేవీప్రసాద్ లేచాడు. షరతు వాళ్ళ నోటితోనే బయటపడింది, ఒక్క మాట అంటే కేసు అతనిది.

"మేడం, పొద్దున్న నేనొక మాట అన్నాను. కంపెనీకి రికార్డే ప్రమాణం అని." ఫైలు తిప్పి ఒక కాగితం తీశాడు. "రెండేళ్ళ కిందట ఆగస్టులో పనసగుడ దగ్గర చెట్టు పడి తీగ తెగింది అని మా రికార్డులో ఉంది. మనిషి నరికాడని ఎక్కడా లేదు. రికార్డులో లేనిది మేమెలా ఒప్పుకుంటాం?"

రాజీపత్రం అక్కడికక్కడే రాశారు. తీగ పనసగుడ మీదుగా ఉన్నంత కాలం నెట్టు ఊరికే. ఈసారి వేలిముద్రలు వేసే ముందు సోని ప్రతి అక్షరం చదివింది. అందరూ బయటికొస్తుంటే దేవీప్రసాద్ సుక్రు దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "పాపకి జ్వరం తగ్గింది పెద్దాయనా. ఇప్పుడు ఆరో క్లాసు చదువుతోంది" అన్నాడు.

సుక్రు తల ఊపాడు. ఆ ముక్క కూడా లోపల భద్రంగా దాచుకున్నాడని సోనికి అర్థమైంది.

జీపులో అందరూ సంబరంగా ఉన్నారు, సుక్రు తప్ప. ఊరు చేరగానే అతను ఇంటికి పోలేదు. తిన్నగా సదరుకి నడిచి, కోటు విప్పి మడిచి, కర్రని పెద్దరాయి మీద అడ్డంగా దించాడు.

"అదేటి మావా! కంపెనీవోళ్ళే ఒప్పుకున్నారు గదా, నీ కేక నిజమే అయ్యింది గదా!" అంది సోని.

"వోళ్ళ పుస్తకంలో సెట్టు అని ఉంది. అది అబద్దం. ఆ అబద్దం రెండేళ్ళు నాను నోరు మూసుకోబట్టి బతికింది. నరకడం తప్పు కాదు గుంటా. మళ్ళీ నరకాలన్నా నరుకుతాను. నరికినానని ఆ రోజే కేక వెయ్యాల. వెయ్యలేదు. కేక వెయ్యని బారికికి కర్రెందుకు?"

ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. అప్పట్లో తాత కర్ర పోయింది మర్నాడు పొద్దున్నే. అదే పొద్దు కోసం సోని వెలుతురు రాకముందే లేచి అరుగు మీద కూర్చుంది. సదరు అక్కణ్ణించి కనపడుతుంది. మంచు విడిపోయింది. కర్ర ఉంది.

మొదటి సంత గడిచింది. నెట్టు వచ్చింది కదా, కబుర్లకి వాట్సాప్ గ్రూపు పెడదాం అన్నాడు మంగ్లు. పెట్టారు. రెండు రోజుల్లో గ్రూపు నిండా గుడ్ మార్నింగ్ పువ్వులే. నర్సమ్మ వస్తుందన్న కబురు ఆ పువ్వుల కింద పడి ఎవరికీ కనపడలేదు. ఆవిడ వచ్చి, ఖాళీ వీధిని చూసి, తిట్టుకుంటూ దిగిపోయింది. రెండో సంత దగ్గరకి వచ్చేసరికి ఒకాయన దినం భోజనానికి సగం ఊరు ఒక రోజు ముందు, సగం ఊరు ఒక రోజు తరవాత వెళ్ళింది.

సోని మాత్రం కర్రని చూస్తూనే ఉంది. ఎవరూ దాని దరిదాపులకి పోవడం లేదు. సదరు మీద కూర్చోవడం మానేసి పెద్దలు వీధిలో నిలబడే మాట్లాడుకుంటున్నారు. పిల్లలు బంతి అటు దొర్లితే చుట్టూ తిరిగొచ్చి కాలితో తన్ని తెచ్చుకుంటున్నారు. ఒక మేక రాయెక్కబోతే నాలుగిళ్ళ నుంచి నలుగురు పరుగెత్తి అదిలించారు. కొంప ముంచేశాడని పళ్ళు కొరికినవాడు కూడా వాళ్ళలో ఉన్నాడు. ఒక వాన రోజు తెల్లారేసరికి కర్ర మీద అడ్డాకులు కప్పి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారంటే ఎవరికి వారే తెలియదన్నారు. ఊరు ఊరంతా కూడబలుక్కోకుండా ఒక్క మాట మీద నిలబడటం సోని చూడటం అదే మొదటిసారి. ఆమెకి ఏడుపొచ్చింది, భయం కూడా వేసింది, గుళ్ళో అడుగుపెట్టినప్పుడు వేస్తుందే, అలాటిది.

మూడో సంత శుక్రవారం. మామూలుగా చీకటితోనే బుట్టలెత్తుకుని లోయకి దిగిపోయే జనం ఆ రోజు కదల్లేదు. పొద్దెక్కింది. సంత వేళ దాటిపోయింది. అందరూ ఎవరి అరుగు మీద వాళ్ళు, ఏదో పనున్నట్టు కూర్చున్నారు. పైడితల్లి ఒకే చేటలో ఉన్న చోళ్ళు నాలుగోసారి చెరుగుతోంది.

సుక్రు ఇంటి తలుపు తెరుచుకుంది. కోటు తొడుక్కుని ఉన్నాడు. ఈ మూడు వారాల్లో ఇంకా చిక్కిపోయాడు. ఎవరి వైపూ చూడకుండా సదరుకి నడిచాడు. రాళ్ళు తీశాడు. ఆకులు తీశాడు. కర్ర పొడిగా ఉంది. కోటు అంచుతో దాన్ని ఒకసారి తుడిచాడు. తరవాత ఎత్తుకుని, వీధి చివరకి పోయి, నేలకి తాటించాడు.

"ఇనండహో! రెండేళ్ళు ఆలస్యంగా ఏత్తన్న కేక ఇది, ఇనండి! శుక్రవారం సంత అయిన రెండోనాడు, పొద్దు నడినెత్తికి రాలేదు, వాన లేదు, పెద్దరాయి మీద సోమన్న..."

గొంతు ఎదురు కొండకి తగిలి వెనక్కొచ్చింది. టైటస్ వచ్చాడు, ఫోను మోగింది, పాపకి జ్వరం తగ్గింది, ఆరో క్లాసుకొచ్చింది. చెట్టు పడింది, డోలీ ఆగింది. "తీగ నరికింది సుక్రు! గొడ్డలి సుక్రుది! కంపెనీ పుస్తకంలో సెట్టు అని ఉంది, అది తప్పు! ఆ దారిన పుట్టిన గుంట పేరు జీవిత!"

అరుగు మీద సోని ఒళ్ళో పిల్ల తన పేరు విని చప్పట్లు కొట్టింది. సోని పెదవులు కదులుతున్నాయి. సుక్రు మాటకి మాట తను కూడా అంటోందని, ఒక్క ముక్క తప్పడం లేదని ఆమెకి కాసేపటికి గాని తెలియలేదు. కేక మూడుసార్లు పడాలి. సంత పోయింది, పొయ్యిలు ఆరిపోయాయి, ఎండ నెత్తి మీదకొచ్చింది. ఎవరూ అతన్ని మధ్యలో ఆపలేదు.